ఉక్కపోతయు పగడపుతొట్టియు

వరదకాలమున కొవ్వూరు గోష్పాద క్షేత్రపు మెట్ల మీద నిలిచి చూచువానికి కనబడు ఎర్రనీరే మన తీరమున పగడపు దిబ్బలు లేకపోవుటకు ముఖ్యకారణము. మహారాష్ట్రము మొదలుకొని దారిపొడుగునను కోసి తెచ్చిన ఒండ్రును, లెక్కకందని మంచినీటిని గోదావరి బంగాళాఖాతమున కుమ్మరించును. దక్షిణమున కృష్ణయు అదే పని చేయును. పగడమునకు కావలసినది వెలుతురు అడుగుదాక దిగునంత నిర్మలమై, లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు గల స్థిరమైన నీరు. ఒండ్రు దానిని కప్పివేయును. మంచినీరు దానిని చంపును. అందుచేత కచ్, మన్నారు సింధుశాఖలయందును, పాక్ జలసంధి ప్రాంతమునను, లక్షద్వీపములయందును, అండమాన్ నికోబార్ దీవులయందును దిబ్బలు వర్ధిల్లినవి గాని, సుమారు వేయి కిలోమీటర్ల ఆంధ్రతీరమున అట్టి పెద్ద దిబ్బ యేదియు ఏర్పడలేదు.

ఐనను కొవ్వూరునకు సముద్రము కొత్తది కాదు. ఊరికి సమీపముననున్న పంగిడి, గౌరీపట్నము క్వారీలలో, అగ్నిపర్వతశిలల పొరల నడుమ చిక్కుకొనియున్న సున్నపుపొరలయందు సముద్రపు సూక్ష్మజీవుల శిలాజములు దొరకినవి. రాక్షసిబల్లుల యుగము ముగిసిన కాలమున, అనగా సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, ఈ నేలను సముద్రము తాకి పోయినదనుటకు అవి సాక్ష్యములు. ఇప్పుడు ఉప్పునీరు ఏబది కిలోమీటర్లకు మించిన దూరమునకు తొలగిపోయినది. దానిని అద్దపుతొట్టిలో ఇంటికి తెచ్చుకొనదలచినవాడు ఉప్పును సంచిలో కొనగలడు, వెలుతురును దీపముతో తేగలడు, అలను పంపుతో పుట్టింపగలడు. కొనలేనిది సముద్రపు విస్తారము. ఆ విస్తారము వలననే అచ్చటి నీరు పగటికి రాత్రికి అర డిగ్రీ మారుటయే గొప్ప. ఇంటిలోని 200 లీటర్లకు అట్టి నిలకడ లేదు.

ఇచ్చట చట్టపు మాట ఒకటి ముందుగా చెప్పవలెను. దిబ్బలు కట్టు రాతిపగడములన్నియు, నల్లపగడము, సముద్రపు విసనకర్రలు మొదలగునవియు 2001 నుండి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేరియున్నవి. వాటిని మన సముద్రమునుండి తీయుట శిక్షార్హమైన నేరము. కావున సంపాదన మార్గమునకు సరియైన కాగితములు లేని ఏ ప్రాణిని తొట్టిలోనికి దింపరాదు. క్లౌన్ చేపలవంటివానిని తమిళనాడులోని మండపము ఊర నున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రమువారు హేచరీలోనే పిల్లలు చేయించి పెంచు పద్ధతిని సాధించియున్నారు. తొట్టి పెట్టుకొనువాడు మొదట చూడవలసినది అట్టి హేచరీ సంతతి వైపు.

పగడము చూపులకు రాయి, నిజమునకు జంతువు. దాని మేనిలో ఒక శైవలజాతి కాపురముండును. కంటికి కనబడని ఆ శైవలములు వెలుతురుతో ఆహారము వండి, అందు అధికభాగమును ఆతిథేయికి అర్పించును. పగడమునకు కావలసిన శక్తిలో నూటికి తొంబది వంతుల వరకు ఈ మార్గముననే లభింపవచ్చును. నీరు వేడెక్కినప్పుడు మొదట చెడునది ఈ కాపురమే. వేడికి శైవలముయొక్క కిరణజన్య యంత్రము దెబ్బతిని, స్వీకరించిన వెలుతురును ఆహారముగా మార్చలేక, కణములను దహించు తీక్ష్ణమైన ఆమ్లజని రూపములను పుట్టించును. ఆ విషమును భరింపలేని పగడము తన పోషకుని తానే వెళ్ళగొట్టును. రంగు పోయి, స్వచ్ఛమైన మాంసము గుండ తెల్లని సున్నపు అస్థిపంజరము కనబడును. దీనినే తెల్లబారుట యందురు. తెల్లబారిన పగడము వెంటనే చావదు. వేడి త్వరలో తగ్గినచో కోలుకొనును, తగ్గనిచో ఆకలితో మరణించును.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు మెల్లగా తెలిసినది. ఫ్లారిడాలోని టోర్టుగాస్ దీవులలో ఆల్ఫ్రెడ్ మేయర్ 1914 నాటికే ఉష్ణమండల సముద్రజీవులు తమ మరణోష్ణమునకు కొలది డిగ్రీల దూరముననే బ్రతుకుచున్నవని చూపెను. 1928–29లో ఆస్ట్రేలియా మహాపగడపు దిబ్బకు పోయిన బ్రిటిష్ బృందమున మారిస్ యంగ్, ఎ. జి. నికల్స్ అనువారలు వేడినీటిలో పగడము శైవలములను బయటికి నెట్టివేయుట పరిశీలించిరి. తరువాత 1970 ప్రాంతములలో హవాయి దీవులందు జోకియెల్, కోల్స్ అను ఇరువురు చేసిన ప్రయోగములు అసలు హద్దును తేల్చినవి: ఆ స్థలపు వేసవి గరిష్ఠమునకు పైన ఒకటి రెండు డిగ్రీలు కొన్ని వారములపాటు నిలిచిన చాలును, పగడము తెల్లబారును. 1998లో లక్షద్వీపములు, మన్నారు సింధుశాఖ, అండమాన్ దీవులు ఈ సూత్రమును మహాదుఃఖకరముగా నిరూపించినవి. 2024 ఏప్రిల్ నెలలో ప్రపంచవ్యాప్తమైన నాల్గవ తెల్లబారుట ప్రకటింపబడినది. ఆ వేసవిలోనే లక్షద్వీపముల దిబ్బలు మరల తెల్లబారినవి. మహాసముద్రమే తట్టుకొనలేని ఒకటి రెండు డిగ్రీలను మనము ఒక బల్లమీది తొట్టిలో అదుపు చేయబూనుచున్నాము.

లోకములోని దిబ్బల నీటి సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీలకు కొంచెము పైన. తొట్టి పెంపకందారులు సాధారణముగా 25, 26 డిగ్రీలను కోరుదురు. ఈ తగ్గింపునకు కారణము లేకపోలేదు: 26 వద్దనున్న తొట్టి ఒక పూట అదుపు తప్పినను 28 చేరి ఆగును, 28 వద్దనున్న తొట్టి అదే పొరపాటుతో 30 చేరును. అదియుగాక 25 డిగ్రీల సముద్రజలము లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకొనగా, 30 డిగ్రీల నీరు 6.2కు మించి పట్టుకొనజాలదు. జీవుల శ్వాసవేగము మాత్రము వేడితో పెరుగును. కావున వేసవిలో ఖర్చు పెరిగి ఆదాయము తగ్గును.

తొట్టిలోనికి వేడి ఎచ్చటనుండి వచ్చుచున్నదో లెక్క కట్టి చూచుట మంచిది. మీటరు పొడవు, అరమీటరు వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు గల తొట్టి 200 లీటర్లు పట్టును. దానిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఇంచుమించు 200 కిలోకేలరీలు కావలెను. కరెంటు బిల్లులో కనబడు ఒక యూనిట్టు 860 కిలోకేలరీలకు సమానము. 100 వాట్ల ఎల్ఈడీ దీపము దినమునకు పది గంటలు వెలిగినచో ఒక యూనిట్టు. అందు వెలుతురుగా వెడలినదియు చివరకు నీటిలోను రాళ్ళమీదను వేడిగానే పరిణమించును. నీటిని త్రిప్పు 20 వాట్ల రిటర్న్ పంపు రేయింబవళ్ళు నడచినచో ఇంచుమించు అర యూనిట్టు. రెండును కలిపి దినమునకు సుమారు 1,270 కిలోకేలరీలు. ఈ వేడి ఎటును పోకున్నచో ఒక్కదినములో తొట్టి ఆరు డిగ్రీలకు పైగా కాగును. గదివేడి ఇంకను లెక్కలోనికి రాలేదు. ఎండను నిందించుటకు ముందు మనము తొట్టిలో పెట్టుకొన్న యంత్రములను చూడవలెను. అవసరమునకు మించిన పంపును తగ్గించుట కంటె చౌకయైన శీతలీకరణము లేదు.

వేడి బయటికి పోవు మార్గములలో శ్రేష్ఠమైనది ఆవిరి. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీలు పట్టును. అనగా తొట్టినుండి లీటరు నీరు ఆవిరిగా వెడలినప్పుడెల్ల 200 లీటర్లను మూడు డిగ్రీలు చల్లార్పదగిన వేడిని వెంట గొనిపోవును. దీపము, పంపు కలిసి తెచ్చిన దినపు వేడినంతటిని రెండు లీటర్లకు కొంచెము మించిన ఆవిరి తీసివేయగలదు. దీనికి కావలసినది నీటి ఉపరితలముమీదికి ఏటవాలుగా ఊదు చిన్న ఫ్యాను మాత్రమే. కంప్యూటరులో వాడు 12 వోల్టుల ఫ్యాను రెండు వాట్లు తిని చేయు ఈ ఉపకారము ఆశ్చర్యకరమైనది. ఐతే ఇది ఎప్పుడును జరుగునది కాదు. ఈ అధ్యాయమున ముఖ్యముగా చెప్పదలచినది ఇచ్చటనే ఉన్నది.

కోనసీమనుండి ఏజెన్సీ దాకా ప్రతి ఇంటి ఇల్లాలికి తెలిసిన సత్యమొకటి కలదు. వడగాలి వీచు మధ్యాహ్నమున కుండలోని నీరు చల్లగా నుండును. మబ్బుపట్టి గాలి స్తంభించిన ఉక్కపోతనాడు అదే కుండ, అదే నీరు, చల్లదనము మాత్రము లేదు. తొట్టియు ఆ కుండవంటిదే. దాని చల్లదనమునకు హద్దు గీయునది గాలియొక్క వేడి ఒక్కటియే కాదు, గాలిలోని తేమయు. ఆ హద్దును కొలుచుటకు శాస్త్రజ్ఞులు తడిబల్బు ఉష్ణోగ్రత అను కొలతను వాడుదురు: ఉష్ణమాపకపు బల్బునకు తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చినచో అది ఎచ్చట దిగి నిలుచునో, ఆవిరి వలన నీరు అంతవరకు చల్లబడగలదు; అంతకు దిగువకు ఎంత ఊదినను దిగదు.

ఇప్పుడు కొవ్వూరు వేసవిలోని రెండు వేళలను పోల్చి చూడుడు. మే నెల మధ్యాహ్నము, పడమటి గాడ్పు, ఎండలో 42 డిగ్రీలు, తేమ నూటికి 25 పాళ్ళు అనుకొందము. తడిబల్బు 26 దగ్గర నిలుచును. ఆ గాలియే దళసరి గోడల ఇంటిలో తలుపులు మూసిన గదిలో, తేమ పెరుగక, 35 డిగ్రీలకు దిగినచో తడిబల్బు 24కు తగ్గును. ఫ్యాను క్రింద తొట్టి కొద్ది శ్రమతో 27 లోపల నిలుచును. అదే దినము ప్రొద్దుగూకిన తరువాత గాలి తిరిగి, సముద్రము వైపునుండి తేమ వచ్చి, ఉష్ణమాపకము 34కు దిగి, తేమ 70 పాళ్ళకు ఎక్కినది అనుకొందము. మనిషికి ఎండ తగ్గినదన్న తృప్తి. తొట్టికి మాత్రము తడిబల్బు 29 దాటినది. వేడి ఎనిమిది డిగ్రీలు తగ్గినను నీటిని చల్లార్చు శక్తి గాలికి లేకుండ పోయినది. రోళ్ళు పగులునని చెప్పు రోహిణికార్తె మధ్యాహ్నము పగడమునకు పెద్ద ప్రమాదము కాదు. ఆ సాయంకాలములును, తొలకరి ముందటి మబ్బుదినములును, శ్రావణ భాద్రపదములందు వాన తెరిపి ఇచ్చిన రాత్రులును ప్రమాదకరములు.

ఇంకను విశేషమేమనగా, అట్టి ఉక్కలో 26 డిగ్రీల తొట్టిమీద ఫ్యాను నడిపినచో అది నీటిని వేడి చేయును. 34 డిగ్రీల వద్ద 70 పాళ్ళ తేమ గల గాలినుండి మంచు పట్టు ఉష్ణోగ్రత 28కి దరిదాపు. అంతకంటె చల్లని వస్తువేది తగిలినను గాలిలోని ఆవిరి దానిమీద నీరై నిలుచును, తాను ఆవిరియైనప్పుడు తీసికొన్న వేడిని దానికే అప్పగించును. దీనిని తెలిసికొనుటకు ఏ పరికరమును అక్కరలేదు. తొట్టి అద్దమును చేతితో తడవి చూడుడు. అద్దము బయటివైపున పలుచని చెమ్మ క్రమ్మి, వ్రేలు రాచినచోట గీత పడినచో, నీటి ఉపరితలముమీదను అదే జరుగుచున్నదని గ్రహించి వెంటనే ఫ్యానును ఆపవలెను. అద్దము పొడిగానున్నను, నీరు తడిబల్బు కంటె వెచ్చగానున్నంతవరకే ఫ్యాను ఉపకారి. చల్లదనముకొరకు రాత్రి తలుపులన్నియు తెరచి ఫ్యాను వేసి నిదురించువారు తెల్లవారి ఉష్ణమాపకమును చూచి ఆశ్చర్యపడుటకు కారణమిదియే.

దీపముల వేళను కూడ ఈ దృష్టితోనే నిర్ణయింపవలెను. సాయంకాలము ఇంటికి వచ్చి తొట్టిని చూచు సౌకర్యముకొరకు మధ్యాహ్నము మొదలు రాత్రి పది వరకు దీపము వెలిగించుట వాడుక. వేసవిలో మాత్రము వేకువన నాలుగు గంటలకు వెలిగించి పగలు ఒంటిగంటకు ఆర్పుట మేలు. దీపపు వేడి గాడ్పు వీచువేళ ఆవిరియై వెడలును. ఉక్కవేళకు తొట్టి చల్లబడి సిద్ధముగా నుండును. మరియొక కారణమును కలదు. పగడమును తెల్లబార్చునది వేడి ఒక్కటియే కాదు, వేడియు వెలుతురును కలిసిన జంట. నీరు 28 దాటిన దినమున దీపమును సగమునకు తగ్గించినచో శైవలములమీది భారము తగ్గును.

ఆవిరియైనది మంచినీరు, ఉప్పు తొట్టిలోనే మిగులును. దినమునకు రెండు లీటర్ల చొప్పున పది దినములు పోయినచో 35 గ్రాముల ఉప్పు 39కి చేరును. కావున పోయినదానిని ప్రతిదినము మంచినీటితో పూరింపవలెను, ఉప్పునీటితో కాదు. ఆ మంచినీరు ఆర్ఓ నీరై యుండవలెను. కుళాయినీటిలో క్లోరిన్ ఉండును, బోరునీటిలో ఖనిజములు ఉండును. తొట్టిమీద అద్దపు మూతకు బదులు సన్నని వల పరచినచో చేపలు ఎగిరిపడవు, ఆవిరి ఆగదు. తొట్టిని పడమటి గోడకు ఆనించి పెట్టరాదు. అపరాహ్ణపు ఎండను త్రాగిన ఇటుకగోడ ఆ వేడిని రాత్రి పది గంటలవరకు గదిలోనికి విడుచుచుండును, సరిగా ఉక్కవేళకే. పాత మండువా లోగిళ్ళలో ఉత్తరపు గది దొరికినవారు అదృష్టవంతులు. కాంక్రీటు డాబాల పై అంతస్తులో నివసించువారు చిల్లర్ మాట ముందుగానే తలచుకొనవలెను.

చిల్లర్ ఇంటి ఫ్రిజ్జు సూత్రముననే పనిచేయును. అది వేడిని నశింపజేయదు, చోటు మార్చును; నీటినుండి తీసిన వేడికి తాను తిన్న విద్యుత్తు వేడిని జోడించి వెనుకనున్న ఫ్యానుగుండ విడుచును. దానిని తొట్టిక్రింది బీరువాలో మూసిపెట్టినచో తన వేడినే తాను మరల పీల్చుచు అలసిపోవును. వరండాలోనో కిటికీ ప్రక్కనో నీడయందు పెట్టి గొట్టములను లోనికి తేవలెను. గదిలో ఏసీ ఉన్నవారికి వేరొక మార్గము కలదు. ఏసీ గాలిని చల్లార్చుటయేగాక దానిలోని తేమను నీరుగా పిండి బయటికి పంపును. కావున 28 డిగ్రీలకు పెట్టిన ఏసీ గదిలో రెండు వాట్ల ఫ్యాను తొట్టిని సునాయాసముగా 25 దగ్గర నిలుపగలదు. నా అభిప్రాయమున డెల్టా ఇండ్లకు చిల్లర్ కంటె ఇదియే సుకరము, మనుష్యులకు కూడ ఉపయోగపడును గనుక.

ఐసు ముక్కలను తొట్టిలో వేయుట మాత్రము కూడదు, ఉప్పు పలచబడును. మూతబిగించిన సీసాలో గడ్డకట్టిన లీటరు నీటిని తేల్చవచ్చును గాని, అది కరిగి తొట్టిలో కలిసిన చల్లదనము 106 కిలోకేలరీలు, అనగా అర డిగ్రీ. ఆపత్కాలమునకు అది చాలును, దినచర్యకు చాలదు.

ఈ దేశపు పుస్తకములలోనికి వచ్చిన తొట్టిశాస్త్రము చాలవరకు చలిదేశములవారు వ్రాసినది. అందు హీటర్ అధ్యాయము దీర్ఘము, చల్లార్చు అధ్యాయము స్వల్పము. ఐనను సముద్రపు సజీవశిలలతో గృహములలో పగడములను పోషించు పద్ధతిని 1961లో లోకమునకు తెలిపినవాడు జకార్తా నివాసియైన లీ చిన్ ఇంగ్. ఉష్ణదేశపు ఇంటిలో పుట్టిన విద్యను ఉష్ణదేశపు గృహస్థుడు తన గాలిని బట్టి దిద్దుకొనుట సహజము.

విద్యుత్తు పోయినప్పుడు మొదటి భయము వేడి కాదు, ప్రాణవాయువు. 200 లీటర్లు ఒక గంటలో ఒక డిగ్రీయైనను ఎక్కవు. పంపు ఆగిన వెచ్చని నీటిలో మాత్రము చేపలు గంటలలోనే పైకి వచ్చి నోళ్ళు తెరచును. ఈ ప్రాంతపు రొయ్యల రైతులు డీవో అని నిత్యము పలుకునది నీటిలో కరిగిన ఈ ప్రాణవాయువునే. వేకువన చెరువుగట్టుమీద వారు ఏరియేటర్లను తిప్పుటకు పడు ఆత్రము తొట్టి యజమానునికి పాఠము. కావున ఇన్వర్టరుమీద మొదట ఎయిర్ పంపును, పిదప రిటర్న్ పంపును, చివరకు ఫ్యానును కలుపవలెను. దీపములను కలుపనే రాదు.

ఇన్ని జాగ్రత్తలును ఉష్ణమాపకము నిజము చెప్పినప్పుడే సార్థకము. అద్దమునకు అతికించు రంగుల పట్టీలు గదిగాలిని నీటిని కలిపి చెప్పును. మునుగు ఉష్ణమాపకమును కొనిన దినముననే పరీక్షింపవలెను: ఐసును మెత్తగా నలుగగొట్టి, ఆర్ఓ నీటితో చిక్కగా కలిపి, కొన్ని నిమిషములు కదిలించి అందు ముంచినచో సున్న చూపవలెను. ఒక డిగ్రీ తేడా చూపినచో ఆ తేడాను దానిమీదనే వ్రాసి అతికించుడు. పాదరసపు ఉష్ణమాపకమును తొట్టిలో ముంచరాదు; పగిలినచో నీరు విషమగును.

ధనుర్మాసమున కొవ్వూరు రాత్రులు ఆరుబయట 20కి దిగువకు పోవును, గదిలో 21 వరకు దిగును. అప్పుడు హీటర్ కావలెను. ఒక్క 200 వాట్ల హీటరునకు బదులు 75 వాట్లవి రెండు పెట్టుట యుక్తము, ఏలయనగా హీటర్లు చెడునప్పుడు తరచుగా తెగిపోక, ఆగకుండ మండుచు చెడును. 200 వాట్లది అట్లు నిలిచిపోయినచో గంటకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున తొట్టిని కాచి తెల్లవారునప్పటికి ప్రాణులను చంపగలదు; 75 వాట్లదొకటి నిలిచిపోయినను 21 డిగ్రీల గదిలో మూతలేని తొట్టిని 27 దాటింపజాలదు. ఒకదానిని 25.5 వద్దను, రెండవదానిని 25 వద్దను ఉంచినచో సాధారణ రాత్రులు మొదటిదే చూచుకొనును. శివరాత్రి గడచి చలి వెడలగానే రెండింటి ప్లగ్గులను తీసివేసి, ఫ్యాను రెక్కలకు పట్టిన ఉప్పును తడిగుడ్డతో తుడిచి, తడిబల్బు ఉష్ణమాపకమునకు గుడ్డను మార్చి గదిలో వ్రేలాడదీయవలెను.